మోతలో మనిషి చప్పుడు

మా కంప్రెషర్ మోత ఎలా ఉండేదో రాసి చెప్పడం నా వల్ల కాదు. ఊరికి ఆ చివర స్టార్టు చేస్తే ఈ చివర ఇళ్ళలో గిన్నెలు అదిరేవి, చంటిపిల్లలు నిద్రలేచి ఏడ్చేవాళ్ళు, ముసలమ్మలు నన్ను పేరు పెట్టి తిట్టేవాళ్ళు. నేను దాని డ్రైవర్ని, పేరు పాండురంగం. మోత పెట్టడం నా పని. ఆ మోతలోంచి మనిషి చప్పుడును ఏరుకోవడం యోసేపన్న పని. ఏ ఊరి బావి అయినా ఒకే ఒడ్డున పన్నెండేళ్ళు పక్కపక్కన కూర్చున్నాం. ఆ పన్నెండేళ్ళూ కొట్లాడుకుంటూనే ఉన్నాం.

ఇప్పుడు బోరు లారీలు వచ్చాయి. ఒక పూటలో ఇంత లోతు రంధ్రం దింపేసి వెళ్ళిపోతాయి, మనిషి భూమిలోకి దిగే పనే లేదు. డెబ్భై రెండు కరువులో అలా కాదు. ఉన్న బావులన్నీ అడుగంటాయి. బావిని ఇంకా లోతు చేయాలి, లేదా అడుగున గోడకు అడ్డంగా బోర్లు వేసి, పక్క రాయిలో ఎక్కడైనా నీటి జాలు తగులుతుందేమో చూడాలి. వరంగల్ నుంచి మా గుంపు ఆ పని మీద పాలకుర్తి దాకా ఒకవైపు, నెక్కొండ దాకా ఒకవైపు తిరిగేది. ట్రాక్టర్ వెనక కంప్రెషర్, దాని నుంచి బావి గోడ వెంట కిందికి ఇనుప గొట్టం, ఆ గొట్టం చివర రబ్బరు పైపు, దానికి రాయి తొలిచే డ్రిల్లు. ఒడ్డు మీద ఒక క్రేను. రాళ్ళు నింపిన డబ్బాను అదే పైకి లాగేది, మనుషులూ అదే డబ్బాలో దిగేవాళ్ళు.

కింద ఉన్నవాడు గాలి ఆపమంటే పైనున్న నాకు తెలియాలి. అరిస్తే వినపడదు. చెయ్యి ఊపితే రాతి దుమ్ములో కనపడదు. అందుకని ఇనుప గొట్టం మీద సుత్తెతో కొట్టేవాళ్ళు. ఒకటి కొడితే గాలి ఆపాలి, రెండు కొడితే గాలి ఇవ్వాలి, మూడు కొడితే డబ్బా లాగాలి. ఇది అన్ని గుంపుల్లోనూ ఉన్న పద్ధతే. కాకపోతే నా ఇంజన్ మోతకు గొట్టమంతా ఎప్పుడూ వణుకుతూనే ఉండేది కనుక, కొట్టినవి సగం మాకు అందేవి కావు. అందని రోజున ఎవరికో ఒకరికి వేలు నలిగేది.

యోసేపన్న మొదట మా దగ్గర రాళ్ళు మోసేవాడు. అంతకుముందు వరంగల్ స్టేషన్‌లో కూలీ. ఆదివారం మాత్రం చర్చిలో ఢోలక్ వాయించేవాడు. ఆ ఒక్క పూట ఆయన దర్జా చూడాలి, ఇస్త్రీ చొక్కా, నూనె పెట్టి దువ్విన తల, ముందు వరసలో చోటు. ఒకరోజు బువ్వ తిన్నాక చూస్తే ఈయన చింతబరికె ఒకటి చెక్కి, ఒక కొనను గొట్టానికి ఆనించి, రెండో కొనను ముందు పళ్ళతో కరిచి పట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నాకు నవ్వాగలేదు.

“ఏందన్నా, బువ్వ సాల్లేదా? బావిని నములుతానవ్?”

ఆయన కోపం తెచ్చుకోలేదు. కిందివాడు గొట్టం మీద రెండు కొట్టాడు, గాలి ఇయ్యి అని ఆయనే నాకు వేళ్ళతో సైగ చేశాడు. నాకు ఏమీ వినపడలేదు. అయినా పందెం కాసినట్టు గాలి తిప్పాను. కింద డ్రిల్లు మొదలైంది.

ఆ సాయంత్రం నేను అడిగాను, నా ఇంజన్ చప్పుడు కూడా అదే గొట్టంలో ఉంటుంది కదా, అందులో మనిషి చప్పుడు వేరే ఎలా దొరుకుతుందని.

“చెవుకు అన్ని చప్పుళ్ళు కలగలిసి వస్తయి పాండూ. పంటికి జర విడివిడిగ వస్తయి. నీ ఇంజన్ ఉన్నది సూడు, అది తాళం తప్పదు. మనిషి తప్పుతడు. యాడ తప్పిండో ఆడ దొరుకుతడు” అన్నాడు.

నా ఇంజన్‌ను మెచ్చుకున్నాడో వెక్కిరించాడో నాకు ఇప్పటికీ తేలలేదు. ఆ మరుసటి రోజు నుంచి ఆయన రాళ్ళు మోయలేదు. గొట్టం పక్కన గోనెసంచి పరుచుకుని కూర్చోవడమే పని అయింది. కిందికి దిగే ముందు ప్రతివాడూ ఆయన వంక ఒకసారి చూసి దిగేవాడు. దేవుడికి దండం పెట్టుకునేవాళ్ళు కూడా ఆ తర్వాతే పెట్టుకునేవాళ్ళు.

ఊరికే కూర్చోవడం ఆయన వల్ల కాదు. కింద ఉన్నవాళ్ళు పనున్నా లేకున్నా మధ్యమధ్యలో గొట్టం మీద కొడుతూ ఉండాలని ఒక నియమం పెట్టాడు. పైనుంచి ఆయన ఎన్ని కొడితే కింద వాళ్ళూ అన్నే కొట్టాలి. మేం బాగున్నామని కబురన్నమాట. తిండి దగ్గర ఖాళీ బకెట్ బోర్లించి అందరితో సాధన చేయించేవాడు. అందరికీ వచ్చింది, రాజమల్లుకు తప్ప. డ్రిల్లు పట్టడంలో రాజమల్లును మించినవాడు లేడు. బకెట్ మీద మాత్రం రెండు కొట్టరా అంటే మూడు కొట్టేవాడు, అదీ ఆలస్యంగా, మధ్యలో ఏదో గుర్తొచ్చి ఆగినట్టు.

“నిన్ను మా చర్చిల కూసోబెడితే పాస్టరయ్య పాట మర్చిపోతడు గదరా” అని యోసేపన్న తల పట్టుకునేవాడు.

“నేనేమన్న పెండ్లిల వాయించెటోణ్ణా అన్నా? సప్పుడైతాంది గద, అది సాలదా?” అనేవాడు రాజమల్లు.

రాజమల్లు భార్య సమ్మమ్మ మా గుంపులోనే తట్టలు మోసేది. ఆమె కడుపుబ్బ నవ్వేది. ఆమె నవ్వితే రాజమల్లు ఇంకో రెండు తప్పు కొట్టేవాడు. వాళ్ళిద్దరూ యోసేపన్నకు సొంత తమ్ముడూ మరదలూ లాగే. నన్ను మాత్రం ఎవరూ అలా చూడలేదు, నా నోరు అలాంటిది.

ఈ పనిలో ఏళ్ళ తరబడి ఉండి చెవులు దక్కించుకున్నవాళ్ళు లేరు. నాకూ ఒకవైపు సగమే వినపడుతుంది. యోసేపన్న నాకంటే ముందే చెవుల మీద ఆశ వదులుకున్నాడు. మాట్లాడేటప్పుడు మన పెదవుల వంకే చూసేవాడు. చర్చిలో హార్మోనియం పెట్టెకు మోకాలు ఆనించి ఢోలక్ వాయించేవాడు, తాళం మాత్రం ఎక్కడా తప్పేది కాదు. అసలు చిక్కు చెవులతో కాదు, పళ్ళతో వచ్చింది. బరికె కరిచీ కరిచీ, గొట్టం వణుకుడుకు చిగుళ్ళు వాచి, ముందు పళ్ళు కదలడం మొదలుపెట్టాయి. ఆయన భార్య లిదియా హనుమకొండలో ఒక దవాఖానలో ఆయా. డాక్టరమ్మకు చూపించింది. ఆ పళ్ళు పీకెయ్యాల్సిందే, లేకుంటే నోరంతా చెడుతుందని ఆమె చెప్పింది.

“పండ్లు పీకిచ్చుకుంటే బావి కాడ ఏం పెట్టి ఇనాలె? నీ నోరు పెట్టాల్నా?” అన్నాడట ఇంట్లో.

లిదియా వదిన ఆ కోపమంతా నా మీద చూపించింది. “పాండన్నా, నీ ఇంజన్ల ఇంత మన్ను వొయ్యి. అది నడువకపోతెనే మా ఆయన నోట్ల పండ్లుంటయి” అంది. నేనూ తగ్గలేదు. ఇంజన్ నాది కాదు, ఓనర్ది, మన్ను పోయాలంటే ఆయన్నడిగి పొయ్యి అన్నాను. ఆ తర్వాత ఆమే పిలిచి చాయ్ ఇచ్చింది.

ఎనభై నాలుగు ఎండాకాలం. నెక్కొండ దగ్గర ఒక ఊళ్ళో వెంకట్రాజం అనే రైతు బావిలో అడ్డబోర్లు వేస్తున్నాం. ఆ బావికి ఒకవైపు గట్టి రాయి, ఇంకోవైపు పైదాకా మొరం మట్టి. అడుగున రాతి గోడలో మనిషి వంగి కూర్చునేంత గూడు తొలిచి, దాని లోపలి నుంచి బోరు వేస్తున్నాడు రాజమల్లు. మధ్యాహ్నం తిండికి అందరూ పైకి వచ్చారు. ఈ ఒక్క రంధ్రం అయ్యాక వస్తానని అతను ఉండిపోయాడు. సమ్మమ్మ అతని వాటా బువ్వ మూత పెట్టి పక్కన ఉంచింది.

మొరం వైపు గోడ జారింది. మేం చూసేసరికి బావిలోంచి ఎర్రటి దుమ్ము లేస్తోంది. దుమ్ము తగ్గాక చూస్తే రాజమల్లు కూర్చున్న గూడు కనపడలేదు. దాని ముందు మట్టి గుట్ట పడింది, గుట్టలో ఇరుక్కుని పెద్ద బండ ఒకటి ఉంది. ఇనుప గొట్టం మాత్రం వంగిందే తప్ప తెగలేదు. దాని కొన మట్టిలోకి, గూటి వైపే పోయి ఉంది.

నా చెయ్యి ఇంజన్ ఆపడానికి లేచింది, సగంలో ఆగింది. కంప్రెషర్ మీద ముల్లు చూస్తే గాలి కిందికి పోతూనే ఉంది. రాజమల్లు బతికి ఉంటే అతనికి ఆ పైపు గాలి తప్ప వేరే గాలి లేదు. పైపు చిట్లి ఆ గాలి మట్టిలోకి పోతోందేమో, అదీ తెలియదు. ఒక్క నిమిషం ఆపి చప్పుడు విందామంటే నా ఇంజన్ గుణం నాకు తెలుసు. వేడెక్కి ఉన్నప్పుడు ఆపితే చల్లారేదాకా మళ్ళీ అంటుకోదు, దేవుడు దిగి వచ్చి తోసినా అంటుకోదు. కాబట్టి మోత ఆపడానికి లేదు, ఆ మోతలోనే వినాలి.

క్రేను నడిపే సారంగపాణి బండ వంక చూసి నెమ్మదిగా చెప్పాడు. “బండకు గొలుసేసి గుంజుదాం. మనిషి పోయిండు అన్నా. శవమన్న దక్కుతది. ఆ ఒడ్డు ఇంక జారుతది, సచ్చినోని కోసం బతికినోళ్ళను ఎట్ల దింపుతం?”

అతను చెడ్డవాడు కాదు, చెప్పింది తప్పూ కాదు. బండను లాగితే దాని మీది మట్టంతా గూట్లోకి దిగుతుంది. లోపల శవం ఉంటే ఫరవాలేదు. మనిషి ఉంటే మనమే చంపినట్టు. చేత్తో పక్కనుంచి తవ్వాలంటే ఆ జారే ఒడ్డు కింద నలుగురు దిగాలి. రాజమల్లు బతికి ఉన్నాడని తెలిస్తే దిగడానికి నలుగురూ సిద్ధమే. ఆ సంగతి చెప్పగలిగేది ఒక్క యోసేపన్నే. అందరం ఆయన వైపు తిరిగాం.

ఆయన అప్పటికే బరికె కరిచి కూర్చున్నాడు. ఊరు ఊరంతా బావి చుట్టూ చేరింది. కాసేపటికి ఆయన కళ్ళు తెరిచి చెయ్యి పైకెత్తాడు. “ఉన్నడు! కొడ్తాండు!” అన్నాడు. జనం ఒక్కసారి అరిచారు. వెంకట్రాజం కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ అరుపుల్లోనే యోసేపన్న చూపు గొట్టం వెంట పోయి, బావికి అటువైపు ఆగింది. అక్కడ, ఒడ్డు చుట్టి వచ్చిన గొట్టం కిందికి దిగే చోట సమ్మమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. చేతిలో రాయి. గొట్టాన్ని కొడుతూ, ‘ఓ రాజమల్లూ, ఓ అయ్యా’ అని మొగుణ్ణి పిలుస్తోంది. యోసేపన్న పట్టుకున్న చప్పుడు ఆమెది.

ఆయన ముఖం చూడలేకపోయాను. లేచి వెళ్ళి ఆమె చేతిలో రాయి మెల్లగా తీసుకున్నాడు. “బిడ్డా, నువ్వు కొడితే వాడు నాకు అందడు. నా పక్కకొచ్చి కూసో” అని చెయ్యి పట్టుకుని తెచ్చి తన గోనెసంచి మీదే కూర్చోబెట్టుకున్నాడు. గొట్టాన్ని ఎవరూ ముట్టొద్దని జనాన్ని వెనక్కి పంపాను. నా నోరు ఆ రోజు మంచికే పనికొచ్చింది.

మళ్ళీ బరికె కరిచాడు. కళ్ళు మూసుకున్నాడు. కుడిచేతి చూపుడు వేలు మోకాలి మీద ఆడుతోంది. ఏం వింటున్నాడో ఆ వేలే చెబుతోంది. చూస్తూ ఉంటే నాకు అర్థమైంది, ఆ వేలు నా ఇంజన్‌తో పాటే ఆడుతోంది. అంటే గొట్టంలో ఆయనకు నేను తప్ప ఇంకెవరూ దొరకడం లేదు. నా బతుకులో ఆ ఇంజన్ మీద అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

ఆయన ఎడమ చెయ్యి ఎత్తి పెంచమని సైగ చేశాడు. పెంచాను. వేలు వేగంగా ఆడింది. తగ్గించమన్నాడు. తగ్గించాను. వేలు నెమ్మదించింది. ఇంకా తగ్గించమన్నాడు. ఆగిపోతుందేమోనని చెయ్యి వదలకుండా తగ్గించాను. ఇంజన్ దగ్గుతోంది. తల్లీ నీకు దండం పెడతానే, ఒక్కసారికి మాట విను అని దాన్ని బతిమాలుతున్నాను. మళ్ళీ పెంచమన్నాడు. ఇలా ఎందుకు చేయిస్తున్నాడో అడగాలనిపించింది, కానీ ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు.

అప్పుడు వేలు దారి తప్పింది. నేను పెంచాను, వేలు పెరగలేదు. నేను తగ్గించాను, వేలు తగ్గలేదు. ఆగుతూ, మళ్ళీ కదులుతూ, నా ఇంజన్‌తో సంబంధం లేకుండా దాని మానాన అది ఆడుతోంది. నా మోత నా చేతిని బట్టి మారుతుంది, మనిషి చప్పుడు మారదు. ఆయన ఆ మారనిదాన్ని పట్టుకున్నాడు.

సుత్తె తీసుకుని గొట్టం మీద రెండు దెబ్బలు కొట్టాడు. ఆగాడు. సమ్మమ్మ ఆయన కాలు రెండు చేతులతో పట్టుకుని ఉంది. వేలు కదల్లేదు. ఇంకా కదల్లేదు. తర్వాత లేచింది, ఒకటి, రెండు, కొంచెం ఆగి మూడు.

యోసేపన్న బరికె తీసి నవ్వాడు. నోటినిండా నెత్తురు. “రెండు కొడితే మూడు కొట్టిండమ్మా. వాడే. ఇంత పాడు తాళం ఇంకెవ్వనికి రాదు” అన్నాడు.

సారంగపాణి క్రేను ఇంకొకడికి అప్పజెప్పి అందరికంటే ముందు తనే దిగాడు. వెనక ముగ్గురు దిగారు. బండ జోలికి పోకుండా పక్కనుంచి చేతులతో, పారలతో మట్టి తీయడం మొదలుపెట్టారు. యోసేపన్న గొట్టం దగ్గర నుంచి లేవలేదు. కింద రాజమల్లు చప్పుడు మందగించినప్పుడల్లా తను కొట్టి వాణ్ణి లేపేవాడు, జవాబు వచ్చేదాకా కొట్టేవాడు. ఎప్పుడో ఒకసారి ఏదో ఉమ్మేసి, బరికెను పక్క పళ్ళ మీదికి మార్చుకున్నాడు. గోనెసంచి మీద చూస్తే ముందు పళ్ళు రెండు ఉన్నాయి. అవి పోయినా ఆయన నోట్లోంచి మూలుగు కూడా రాలేదు. నేను మాత్రం ఇంజన్ కాడ నిలబడి ఏడ్చాను, ఎవరూ చూడలేదనే అనుకుంటున్నాను.

పొద్దు గూకే ముందు రాజమల్లును డబ్బాలో పైకి తెచ్చారు. ఒక కాలు విరిగింది, ఒళ్ళంతా మట్టి, కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. రబ్బరు పైపును గుండెకు హత్తుకుని ఉన్నాడు, ఎవరు లాగినా వదల్లేదు. సమ్మమ్మ వాణ్ణి పట్టుకుని కొట్టింది, కొట్టి ఏడ్చింది. వెంకట్రాజం ఎడ్లబండి కట్టించాడు.

నేను వెళ్ళి ఇంజన్ ఆపాను.

ఆ నిశ్శబ్దం ఎంత బాగుందో చెప్పలేను. ఎక్కడో మేక అరిచింది. సమ్మమ్మ వెక్కిళ్ళు వినపడ్డాయి. బండి కట్టేవాడు ఎడ్లను అదిలించడం వినపడింది. రాజమల్లు పడుకున్నచోటి నుంచే ‘యోసేపన్నా’ అని పిలిచాడు. ఆయన తల తిప్పలేదు. సుత్తె చేతిలో పట్టుకుని నా వైపు చూసి, మోతలో అరిచినట్టే గొంతు చించుకుని అరిచాడు.

“పాండూ! ఇగనన్న ఇంజన్ బంద్ జెయ్యిరా! వాడు వచ్చిండు గద!”

అందరూ అటు తిరిగారు. ఆపాను అన్నా అన్నాను. ఆయన నా పెదవులు చూశాడు, నమ్మలేదు. నడుచుకుంటూ వచ్చి ఇంజన్ మీద అరచెయ్యి పెట్టాడు. అది వేడిగా ఉంది, కదలడం లేదు. అరచెయ్యి అలాగే ఉంచి కొంచెంసేపు నిలబడ్డాడు.

“అవురా, ఆగింది” అన్నాడు చివరికి, మామూలుగా. “నాకు ఎరుక కాదు పాండూ. ఇంటికి పోయినా గిదే మోత, పండుకున్నా గిదే మోత. చర్చిల గూడ. గిట్ల చెయ్యి పెట్టి చూస్తెనే తెలుస్తది.”

ఎన్నేళ్ళ నుంచి అని అడిగాను. ఆయన చెయ్యి ఊపి రాజమల్లు దగ్గరికి వెళ్ళిపోయాడు. నాకు పట్టలేని కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. ఆ మధ్యాహ్నం యోసేపన్న రాజమల్లును ఒక ఇంజన్ మోతలోంచి వెతకలేదు, రెండింటి మోతలోంచి వెతికాడు. ఒకటి నా చేతిలో ఉంది, పెంచమంటే పెంచాను, తగ్గించమంటే తగ్గించాను. ఆయన తలలో ఉన్న రెండోదాన్ని తగ్గించడానికి పక్కన ఎవరూ లేరు.